దోమ వీపు మీద పదకొండు చుక్కలు

పోయిన వారం మార్తని డార్క్‌రూములో ఎర్ర బల్బు కింద నిలబెట్టి వచ్చేశాం. డెవలపర్ ట్రేలో కాగితం తేలుతోంది. ముందు వరి దుబ్బు కనబడింది, తర్వాత దోమ కాళ్ళు, ఆ తర్వాత రెక్కలు, ఆఖరికి వీపు. ఆ వీపు చూసి మార్తకి గుండె ఆగినంత పనయింది. ఎందుకో చెప్పకుండా కథ ఆపేసినందుకు మీలో కొందరు తిట్టుకునే ఉంటారు. తిట్టుకోవలసిందే. ఇదుగో, ఇప్పుడు చెప్పుకుందాం. దోమ వీపు శుభ్రంగా ఉంది.

శుభ్రంగా ఉంటే మంచిదే కదా అంటారేమో. ఆ శుభ్రమే కొంప ముంచింది.

మార్త మేనమామ శౌరయ్యది ఉయ్యూరు పక్కన పల్లె. నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. పొలం బసవయ్యది. ఊళ్ళో పురుగుమందుల కొట్టు కూడా బసవయ్యదే. ఈ ఏడు వరి రసం పీల్చే సుడిదోమ పోటు తగిలి చేను సుడులు సుడులుగా మాడిపోతుంటే, శౌరయ్య ఆ కొట్లోనే పొడిమందు కొన్నాడు. మంచు ఆరకముందే పల్చటి గుడ్డలో మూటకట్టి దుబ్బు దుబ్బుకీ దులిపాడు. దోమ చావలేదు. నీ మందు వట్టి బూడిద అన్నాడు శౌరయ్య. నువ్వసలు చల్లనే లేదు, బద్ధకించి నా చేను పాడుచేశావు, కౌలు వదిలెయ్ అన్నాడు బసవయ్య. రేపు బుధవారం పదింటికి బెజవాడ వ్యవసాయ శాఖ ఆఫీసులో విచారణ. చల్లలేదని తేలితే మారు మాట్లాడకుండా పొలం వదిలి పోవాలని పెద్దమనుషుల్లో ఒప్పందం.

శౌరయ్యకి ఉన్న సాక్ష్యమల్లా మేనకోడలు తీసిన ఒక్క ఫొటో. బతికి రసం పీలుస్తున్న దోమ, దాని వీపు మీద పదకొండు పొడి రేణువులు. చల్లాడనడానికీ అదే రుజువు, చావలేదనడానికీ అదే రుజువు. అర్జీలో మార్త తన చేత్తోనే రాసింది, పదకొండు అని.

ఇప్పుడు ట్రేలో ఉన్న బొమ్మలో ఒక్కటి లేదు.

మార్త తడి కాగితం పట్టుకుని తెర తోసుకుని బయటికొచ్చింది. మధ్యాహ్నం మూడవుతోంది. వన్ టౌన్‌లో కందిపప్పు గోడౌన్ మీద మేడ అది, వెంకటకృష్ణారావు గారి స్టూడియో. కింద బస్తాలు దించుతున్న చప్పుడు మెట్ల మీదుగా వస్తోంది. రావుగారు కుర్చీలో కూర్చుని ముక్కుపొడుం పట్టు నలుపుతున్నారు.

"కాగితం నీళ్ళు కారుతుంటే నేల మీదికి తెస్తావేం? నీ బాబు తుడుస్తాడా?"

మార్త మళ్ళీ తెర లోపలికి వెళ్ళింది. ఎన్లార్జర్లోంచి నెగెటివ్ తీసుకొచ్చి కిటికీ వెలుగుకి పెట్టింది. బొమ్మలో తెల్లగా ఉండాల్సింది నెగెటివ్‌లో నల్లగా ఉంటుంది. శుక్రవారం తను ఫిల్ము కడిగినప్పుడు దోమ వీపు మీద పదకొండు నల్ల చుక్కలు భూతద్దంలో లెక్కపెట్టింది. ఇప్పుడవి లేవు. ఏటవాలుగా వంచితే ఆ చోట పొర లేచిపోయి సన్నగా మెరుస్తోంది. పెన్సిల్‌తో దిద్దితే తుడుచుకోవచ్చు. ఇది బ్లేడు పని. గీకిన పొర మళ్ళీ రాదు.

ఆ స్టూడియోలో బ్లేడు పట్టే చెయ్యి ఒక్కటే ఉంది. అది ఆమె తండ్రి ఏసుపాదానిది.

"చూశారా సార్ ఇది?"

"చూసేదేముంది? నువ్వు దోమకి ఫొటో తీసినప్పుడే అన్నాను, ఆ లెన్సు దోమలకీ నల్లులకీ కొన్లేదని."

అన్నారు, నిజమే. ఆ మాక్రో లెన్సుని ఆరునెల్ల కిందట ఆయన మద్రాసు నుంచి తెప్పించింది నగల కొట్లవాళ్ళ కేటలాగుల కోసం. ముక్కుపుడకని అరచేతంత చేసి చూపించే లెన్సు. తీరా వచ్చాక ఆయన చెయ్యి వణుకుతోందని తేలింది. విధిలేక మార్తకి నేర్పారు. ఆయనకి నేర్పడమంటే తిట్టడమే. స్కేలుతో బల్ల మీద కొడుతూ, "రింగు తిప్పకు, నువ్వు కదులు! గింజంత జరగమంటే గజం జరుగుతావేం?" అనేవారు. "ఊపిరి తీస్తున్నావా? ఎవరు తీయమన్నారు నిన్ను?" అనేవారు. అంత దగ్గర్లో కాగితం మందాన మాత్రమే బొమ్మ స్పష్టంగా నిలుస్తుంది. ముక్కుపుడక రాయి నిలిస్తే వెనకున్న మర నిలవదు, మర నిలిస్తే రాయి నిలవదు. ఏది కావాలో ముందే తేల్చుకుని, మోచేతులు బల్లకి ఆనించి, సగం ఊపిరి వదిలి మీట నొక్కాలి. మార్త ఏడుస్తూ నేర్చుకుంది, కానీ నేర్చుకుంది.

పోయిన గురువారం తెల్లవారుతూనే ఆ కెమెరా పట్టుకుని మామ చేలో దిగింది. స్టాండు కాళ్ళు బురదలో కూరుకుపోతుంటే, వడ్లు కొలిచే కుంచం బోర్లించి దాని మీద కెమెరా పెట్టింది. శౌరయ్య తలగుడ్డ విప్పి, ఎండ దాని మీద పడి దోమ మీదికి తిరిగేట్టు పట్టుకుని నిలబడ్డాడు. నువ్వు గింజంత పురుగు, దుబ్బు మొదట్లో, నీళ్ళకి జానెడు ఎత్తులో. పన్నెండు బొమ్మల ఫిల్ములో గాలికి చెదిరినవి ఏడు, తన ఊపిరికి చెదిరినవి నాలుగు. ఒక్కటి నిలిచింది. ఆ ఒక్కదానికీ శుక్రవారమే చిన్న ప్రింటు తీసుకుంటానంటే, ఎలాగూ పెద్దది తీస్తావుగా, కాగితం దండగని రావుగారు ఒప్పుకోలేదు.

ఆ ఒక్కటే ఇది.

ఏసుపాదం ఉత్తరపు కిటికీ దగ్గర, ఏటవాలు గాజుబల్ల ముందు ఎవరి పెళ్ళికూతురికో చెంపలు నున్న చేస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. వన్ టౌన్‌లో స్ఫోటకం మచ్చలున్న ఎంతమంది ఆడపిల్లలకి సంబంధాలు కుదిరాయో ఆయన పెన్సిల్ ముక్కకే తెలుసు. బొమ్మ వెనక రావుగారి స్టూడియో ముద్ర ఉంటుంది. దిద్దినవాడి పేరు ఎక్కడా ఉండదు.

"నాన్నా, దీని మీద బ్లేడు పెట్టావా?"

"పెట్టాను. ఏం?" తల ఎత్తలేదు.

"ఎవరు పెట్టమన్నారు?"

"ఒకళ్ళు చెప్పాలా? నా బల్ల మీదికొస్తే మచ్చ తియ్యడం నా పని. పొర మీద ఏవో నల్లటి పొక్కులున్నాయి. కడగడంలో పొరపాటు చేశావనుకున్నా. రావుగారు చూస్తే నిన్ను దులిపేస్తారని జాగ్రత్తగా తీశాను. రెండు గంటలు పట్టింది, తెలుసా? నీకెందుకంత కోపం?"

"అవి పొక్కులు కావు. పొడి. శౌరయ్య మావయ్య చల్లిన పొడి!"

పెన్సిల్ ఆగింది. ఏసుపాదం ఇప్పుడు తలెత్తాడు.

"ఆ పేరు నా ముందు ఎత్తొద్దని చెప్పాను నీకు."

"ఎత్తుతాను. మామ పొలం పోతోంది నాన్నా. రేపు పదింటికి పోతోంది. నువ్వు గీకేశావు కాబట్టి పోతోంది!"

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. తండ్రికి తెలిస్తే గొడవని, ఆ బొమ్మ ఎవరి కోసం తీసిందీ మార్త ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఉంటే బ్లేడు దాని దరికి వెళ్ళేది కాదు. అది ఆమెకి ఇప్పుడు తట్టింది, తట్టగానే కోపం రెట్టింపయింది. మనిషికి తన తప్పు గుర్తొచ్చినప్పుడే ఎదుటివాడి మీద ఎక్కువ మండుతుంది.

"నీకు తెలుసు. తెలిసే గీకావు."

"ఏమిటీ?"

"అమ్మ శవం ముందర పెట్టుకుని మీరిద్దరూ కొట్టుకోలేదా? మా మిషను శ్మశానంలోనని నువ్వు, మా కేథలిక్ గుడి దొడ్లోనని ఆయన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మని ఎండలో ఉంచలేదా? ఆ కసి ఇన్నాళ్ళూ దాచుకుని ఇలా తీర్చుకున్నావు!"

ఏసుపాదం లేచాడు. చెయ్యెత్తాడు. దాన్ని దించి గాజుబల్ల అంచు పట్టుకున్నాడు. కొట్టలేదు.

"కన్నకూతురివి, ఎంత మాటన్నావే," అన్నాడు. "శౌరిగాడి మీద పగ తీర్చుకోవాలంటే వాడి గుమ్మంలోకెళ్ళి చొక్కా పట్టుకుని తీర్చుకుంటా. నా బల్ల మీద తీర్చుకోను. దీని మీద మీ అమ్మకీ నీకూ అన్నం పెట్టాను నేను."

అంతలో మార్తకి ఒక సంగతి తోచింది. నెగెటివ్‌ని తను డ్రాయర్లో పెట్టి తాళం వేసింది. రెండో తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గర.

"సార్, ఇది నాన్న బల్ల మీదికి ఎలా వచ్చింది?"

రావుగారు పొడుం పీల్చి, తీరిగ్గా తుమ్మి, కండువాతో ముక్కు తుడుచుకున్నారు.

"నేనే ఇచ్చాను. నిన్న నువ్వు నగల కొట్టుకెళ్ళినప్పుడు బసవయ్యగారు వచ్చారు. వాళ్ళింట్లో పెళ్ళయినా బారసాలయినా మొదట్నుంచీ బొమ్మ మనదే. మా చేలో తీసిన దోమ బొమ్మ ఉందటగా, ఒక కాపీ ఇప్పించండి అన్నారు. సాయంత్రానికి ఇచ్చి, నెగెటివ్ మళ్ళీ డ్రాయర్లో పెట్టాను."

"మా ఫొటో వాళ్ళకి ఇచ్చేశారా!"

"మీ ఫొటో ఏమిటి?"

"ఇంకేమన్నారాయన?"

"ఏమంటారు? మా అమ్మాయి పెళ్ళిచూపుల బొమ్మ చేసినట్టే నీటుగా, ఒక్క మచ్చ లేకుండా చేయించండి అన్నారు. అంతే."

అంతే! చూశారా ఆ పెద్దమనిషి తెలివి? గీకమని అనలేదు, పొడి తీసెయ్యమని అనలేదు, ఒక్క అబద్ధం ఆడలేదు. ఆయన కూతురి గడ్డం మీద కాలిన మచ్చని ఇదే బల్ల మీద ఏసుపాదం మాయం చేశాడు. ఈ మేడ మీద పని ఎలా జరుగుతుందో ఆయనకి కళ్ళకి కట్టినట్టు తెలుసు. పోతే, పదకొండు చుక్కల సంగతి ఆయనకి ఎవరు చెప్పారంటారా? శౌరయ్యే. కాకా హోటల్లో కూర్చుని, మా మార్త తీసింది, దోమ వీపు మీద నీ బూడిద లెక్కెట్టుకోవచ్చని పదిమంది ముందూ చాటాడు. మనిషి మంచివాడే, నోటికి గడియ లేదు.

గోరుచుట్టు మీద రోకలిపోటు. రేపు ఆఫీసరు ముందు అర్జీలో పదకొండని ఉంటుంది, బసవయ్య చేతిలో బొమ్మలో సున్నా ఉంటుంది. మార్త తీసిన బొమ్మే శౌరయ్యని అబద్ధాలకోరుని చేస్తుంది.

ఏసుపాదం కూతురి చేతిలోంచి నెగెటివ్ అంచులు పట్టి తీసుకున్నాడు. గాజుబల్ల మీద పెట్టాడు. భూతద్దం కంటికి ఆనించి చాలాసేపు వంగి చూశాడు. పెదాలు కదులుతున్నాయి.

"పదకొండు," అన్నాడు.

మార్త బల్ల దగ్గరికి జరిగింది. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? పదకొండు చోట్ల గీకాను. నా బ్లేడు పడ్డ చోటు నాకు తెలీదా? ప్రతి దెబ్బా ఇక్కడే ఉంది, వంచి చూస్తే ఎవడికైనా కనబడుతుంది." భూతద్దం దించాడు. "గీకిన చోటల్లా పొడి ఉంది. ఆ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే."

"ఏమన్నావ్?" రావుగారు కుర్చీలోంచి లేచారు. "ఎక్కడ చెబుతావ్?"

"అడిగిన చోట."

"ఏసుపాదం, మతిపోయిందా? నా బొమ్మలు కోర్టుకెళతాయి. యాక్సిడెంట్లకీ, శవాలకీ పోలీసులు పిలిచేది నన్ను. రావుగారి స్టూడియోలో నెగెటివులు గీకుతారని నువ్వు సర్కారు ఆఫీసులో సంతకం పెడితే, రేపట్నుంచి నా బొమ్మని ఎవడు నమ్ముతాడు? నా నోట్లో మట్టి కొడతావా? పైగా ఎవడి కోసం? నిన్ను బావా అని ఒక్కనాడు పిలవనివాడి కోసం! వెళితే వెళ్ళు. మళ్ళీ ఈ మెట్లు ఎక్కకు. నువ్వూ, నీ కూతురూ."

ఆయన మాట పూర్తవుతుండగానే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బురద కాళ్ళతో, చంకలో గొడుగుతో శౌరయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఫొటో తీసుకుపోదామని ఉయ్యూరు బస్సు దిగి తిన్నగా వచ్చాడు. బావగారు పనిచేసే చోటికి, చెల్లెల్నిచ్చిన ఇరవయ్యారేళ్ళలో ఇదే మొదటిసారి రావడం. ఎంతసేపటి నుంచి మెట్ల మీద ఉన్నాడో, మొహం చూస్తే అంతా విన్నాడని తెలుస్తోంది.

"మావయ్యా, నాన్న వచ్చి చెబుతానంటున్నాడు. నాన్న చెబితే..."

"నాకక్కర్లేదు."

"మావయ్యా!"

"ఆడి సాక్ష్యం నాకక్కర్లేదమ్మా. పొలం పోతే పోనీ. కూలికెళ్తా." శౌరయ్య ఏసుపాదం వైపు చూడకుండా, గోడకి చెబుతున్నట్టు మాట్లాడాడు. "మా చెల్లి శౌరమ్మ బొట్టుబిళ్ళంత పుట్టుమచ్చతో పుట్టింది, గెడ్డం పక్కన. మా అమ్మ దాన్ని చూసే ముద్దెట్టుకునేది. అది చచ్చిపోయాక ఈడు ఫొటో కట్టించి పంపాడు. చూస్తే మచ్చ లేదు. గీకేశాడు. అది మా చెల్లెలు కాదు, ఎవరో దొరసాని. అలాంటోడు రేపు ఆఫీసరు ముందు నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్తానంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను."

కింద ఎవడో బస్తా లెక్క అరుస్తున్నాడు.

ఏసుపాదం ఆ ఫొటో చేసిన రాత్రులు మార్తకి గుర్తున్నాయి. అన్నం తినకుండా, కళ్ళు తుడుచుకుంటూ, భార్యని పెళ్ళికూతురిలా చెయ్యాలని కూర్చున్నాడు. తెలిసిన పని అదొక్కటే. ప్రేమ చూపించమంటే ఆ మనిషి మచ్చ తీస్తాడు. కూతురి మీద ప్రేమతోనే ఈ పదకొండూ తీశాడు. మార్తకి ఆ క్షణాన తండ్రి మీద జాలీ కోపమూ కలిసే వచ్చాయి.

"అక్కర్లేదన్నాడుగా," అన్నాడు ఏసుపాదం మెల్లగా. కుర్చీలో కూర్చున్నాడు. నెగెటివ్‌ని గాజు మీద సరిగ్గా జరుపుకున్నాడు. కుడిచేత్తో బ్లేడు తీశాడు.

"నాన్నా, వద్దు!"

రావుగారు మాత్రం, "అదీ, అలా బుద్ధి తెచ్చుకో," అన్నారు. "మొత్తం గీకి పారెయ్."

మార్త ఊపిరి ఆగిపోయింది. లెన్సు వెనక ఆపినట్టే, సగంలో ఆగింది. బ్లేడు ఎత్తిన చెయ్యి నెగెటివ్ మీదికి రాలేదు. పక్కకి జరిగి పెన్సిల్ అందుకుంది. ఏసుపాదం పెన్సిల్ మొనని సూదిలా చెక్కాడు. పొట్టు ఊదేశాడు. నెగెటివ్ అంచున బొమ్మ లేని ఖాళీ పట్టీ ఉంటుంది, ఆవగింజ పట్టేంత వెడల్పు. భూతద్దం కింద అక్కడ ఒక్కో అక్షరమే రాశాడు. రాసి కూతురికి అందించాడు.

మార్త వెలుగుకి పెట్టి చదివింది. 'పదకొండు చోట్ల గీకినది నేను. ఏసుపాదం.' కింద నిన్నటి తేదీ.

ముప్పై ఏళ్ళలో ఆయన దిద్దిన బొమ్మ మీద ఆయన పేరు పడడం అదే మొదలు.

"నీ కోసం కాదురా శౌరిగా," అన్నాడు ఏసుపాదం, బావమరిది వైపు చూడకుండానే. "నువ్వు నమ్మకపోతే ఏట్లో దూకు. నా పిల్ల మోకాళ్ళ లోతు బురదలో కూర్చుని తీసిన బొమ్మ. దాన్ని నేను పాడుచేశాను. రేపు పదింటికి వస్తా. పిలిచినా వస్తా, పిలవకపోయినా వస్తా."

శౌరయ్య నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఆ నోటికి గడియ పడింది.

రావుగారు చరచరా నడిచి మెట్ల తలుపు మూసి, గడియ పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నారు.

"ఫిల్ము నాది," అన్నారు. "లెన్సు నాది. కెమెరా నాది. ఈ మేడ మీద కడిగిన ప్రతి నెగెటివూ స్టూడియోదని నువ్వు చేరిన రోజు సంతకం పెట్టావు మార్తా. ఏసుపాదం పేరు రాసుకున్నా, ఏసుక్రీస్తు పేరు రాసుకున్నా అది నాదే. బల్ల మీద పెట్టి ముగ్గురూ దిగి పొండి."

మార్త పెట్టలేదు. రెండు వేళ్ళ మధ్య అంచులు పట్టుకుని గోడకి ఆనుకుంది. ఆయన ఒక అడుగు ముందుకి వేశారు. ఏసుపాదం లేచి అడ్డం నిలబడ్డాడు. ఏమనుకున్నాడో ఏమో, శౌరయ్య కూడా గొడుగు కింద పెట్టి బావ పక్కకి వచ్చాడు.

అప్పుడు బయటినుంచి తలుపు మీద ఎవరో కొట్టారు. తొందర లేకుండా, మర్యాదగా, మూడుసార్లు.

"రావుగారూ, పట్టపగలు తలుపేసుకున్నారేమండీ?" బసవయ్య గొంతు, నవ్వుతోంది. "ఆ నెగెటివ్ కూడా ఇవాళ ఇచ్చేస్తానన్నారు కదా. తీసుకెళదామని వచ్చాను."